బ్యాటరీ మార్చే ముందు



వానాకాలంలో ఆదివారం వచ్చిందంటే హైదరాబాదు కార్లు అనంతగిరి దారి పడతాయి. అప్పా జంక్షన్, మొయినాబాదు, చేవెళ్ల దాటుకుని, మర్రిచెట్ల కింద నుంచి మన్నెగూడ చేరి, అక్కడ వికారాబాదు వైపు మళ్లితే కొండ ఇంకెంతో దూరం ఉండదు. మూసీ పుట్టే కొండ అది. అనంత పద్మనాభస్వామి గుడి ఉన్న కొండ. మంచి గాలి తగులుతుందని క్షయ రోగులకు ఆసుపత్రి కట్టిన కొండ కూడా. ఇప్పుడు ఆ గాలి కోసమే వచ్చిన కార్లు సెలవు రోజున ఒకదాని వెనక ఒకటి నిలబడి పొగ వదులుతుంటాయి. ఆ సంగతి ఇంకోసారి మాట్లాడుకుందాం. ఇవాళ్టి మాట ఆ వరసలో నిలబడ్డ కారు బానెట్ కింద, ఇంజన్ పక్కన బెల్టుతో గిర్రున తిరిగే వస్తువు గురించి. ఆల్టర్నేటర్. మన షెడ్లలో చాలామంది ఇప్పటికీ డైనమో అనే అంటారు.

ఆ కారు ఆల్టర్నేటర్ మీద ఎంత బరువు పడుతోందో ముందు చూద్దాం. వాన పడుతోంది. కొండ మీద మంచు కమ్మేసింది, పట్టపగలే హెడ్‌లైట్లు వేశారు. మామూలు హాలోజెన్ బల్బులైతే ఒక్కోటి 55 వాట్లు, రెండూ కలిసి 8, 9 ఆంపియర్ల కరెంటు లాగుతాయి. వైపర్లకు 4, 5. అద్దం మీద ఆవిరి పట్టిందని ఏసీ వేసి బ్లోయర్ ఫుల్లుగా తిప్పారు, దానికి 10, 12. వెనకద్దం మీద సన్నటి గీతలుంటాయే, ఆ హీటర్ నొక్కితే మరో 10, 15. బండి కదలడం లేదు కనుక రేడియేటర్ ఫ్యాను తిరగాలి, దానికీ పది పైనే. ఇంజన్ తన సొంతానికి, అంటే పెట్రోలు పంపుకు, ఇంజెక్టర్లకు, స్పార్కుకు, లోపలి కంప్యూటరుకు ఇంకో 8, 10 వాడుకుంటుంది. వెనక సీట్లో పిల్లల ఫోన్లు, ముందు పాటలు సరేసరి. అన్నీ కూడితే 50 ఆంపియర్లు ఇట్టే దాటుతుంది.

ఆల్టర్నేటర్ మీది చీటీలో 70 ఆంపియర్లని రాసి ఉండొచ్చు. అది ఇంజన్ జోరుగా తిరిగేటప్పటి లెక్క. బండి నిలబడి ఐడ్లింగ్‌లో ఉంటే అందులో దాదాపు సగమే వస్తుందనుకోండి. తక్కువ పడ్డది బ్యాటరీ ఇస్తుంది. వ్యూ పాయింటు దగ్గర గంటసేపు అడుగడుగునా ఆగుతూ పోయిన కారు, పైకి ఏమీ తెలియకుండానే, బ్యాటరీని తోడుకుంటూ పోయిందన్నమాట. ఆపైన పార్కింగ్ లైట్లు వేసే ఉంచి, మొక్కజొన్న కంకులు కాల్పించుకుని తిని, చాయ్ తాగి వచ్చి తాళం తిప్పితే "టక్" అంటుంది. మళ్లీ తిప్పితే "టక టక టక". ఇంజన్ కదలదు. చుట్టూ నలుగురు చేరతారు. అందులో ఒకాయన తేల్చి చెప్పేస్తాడు: "బ్యాటరీ ఖతమైంది సార్, కొత్తది ఎయ్యాలె."

ఆయన మాట నిజమే కావచ్చు. కానీ ఒకటి ఆలోచించండి. ఇంటి మీద నీళ్ల ట్యాంకు ఉంటుంది, కింద బోరు మోటారు ఉంటుంది. కుళాయి తిప్పితే నీళ్లు రాలేదని ఎవరూ కొత్త ట్యాంకు కొనరు, మోటారు నీళ్లు ఎక్కిస్తోందా లేదా అని చూస్తారు. కారు దగ్గరికొచ్చేసరికి మాత్రం చూడకుండానే బ్యాటరీ కొంటాం. నింపాల్సినది నింపకపోతే కొత్త బ్యాటరీ కూడా కొన్నాళ్లకే మొహం వేలాడేస్తుంది. అప్పుడు బ్యాటరీ కంపెనీని తిట్టుకుంటాం.

లోపల జరిగేది పెద్ద రహస్యమేం కాదు. మధ్యలో తిరిగే రోటరు ఓ అయస్కాంతం. అది పుట్టుకతో అయస్కాంతం కాదు, దాని తీగచుట్టకు కరెంటు ఇస్తే అవుతుంది. ఆ కరెంటు రెండు చిన్న కార్బన్ల మీదుగా లోపలికి వెళుతుంది. చుట్టూ కదలకుండా ఉండే స్టేటరులో ఏసీ కరెంటు పుడుతుంది. కారుకు కావలసింది డీసీ కదా, డయోడ్లు దాన్ని అటు మారుస్తాయి. వోల్టేజి మరీ పెరగకుండా, మరీ తగ్గకుండా చూసేది రెగ్యులేటరు. పాత మెకానిక్కులు దీన్నే కటౌట్ అంటారు. కార్బన్లు అరిగినా, డయోడు కాలినా, రెగ్యులేటరు చెడినా, బయట బెల్టు జారినా బ్యాటరీకి చేరేది తగ్గిపోతుంది. నా లెక్కలో వీటన్నిటికన్నా తరచుగా వచ్చేది ఇంకోటుంది. దాని దగ్గరికి వస్తాను.

మీటరు కన్నా ముందు కళ్లు, చెవులు వాడాలి. తాళం తిప్పి ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఆపండి. డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ బొమ్మ ఎర్రగా వెలగాలి. స్టార్ట్ కాగానే ఆరిపోవాలి. ఆరకపోతే ఛార్జింగ్ లేదని అందరికీ తెలుసు. అసలు వెలగకపోయినా తప్పేనని చాలామందికి తెలియదు. పాత తరహా వైరింగులో ఆ బల్బు మీదుగానే రోటరుకు మొదటి కరెంటు అందుతుంది. బల్బు మాడిపోతే ఆల్టర్నేటర్ నిద్ర లేవదు, ఇంజన్ బాగా రేజ్ చేస్తే తప్ప. ఇంకోవైపు, లైటు ఆరిపోయిందంటే అంతా బాగున్నట్టూ కాదు. రావలసిన కరెంటులో కొంతే వస్తున్నా ఆ లైటు ఆరే ఉండొచ్చు.

తర్వాత బెల్టు. పగుళ్లు చూడండి, నూనె మరకలు చూడండి. పొద్దున్నే స్టార్ట్ చేసి లైట్లు వేయగానే కీచుమంటే అది జారుతోంది. వానలో తడిస్తే మరీను. బెల్టు చూసేటప్పుడు ఇంజన్ ఆపి తాళం తీసేయండి. రేడియేటర్ ఫ్యాను చెప్పకుండా తిరగడం మొదలెడుతుంది. చున్నీలు, పొడుగు చేతుల చొక్కాలు, మెడలో గొలుసులు జాగ్రత్త.

ఇక మీటరు. బజారులో దొరికే మామూలు డిజిటల్ మల్టీమీటరు కొన్ని వందల రూపాయలకు వస్తుంది. దాన్ని డీసీ 20 వోల్టుల మీద పెట్టండి. ఎర్ర తీగ బ్యాటరీ ప్లస్ మీద, నల్ల తీగ మైనస్ మీద. టెర్మినల్ క్లాంపు మీద కాదు, దాని మధ్యలో కనిపించే సీసం మొట్ట మీద ఆనించండి. క్లాంపుకు, మొట్టకు మధ్యే తుప్పు ఉంటే తేడా అక్కడే పట్టుబడుతుంది.

ఇప్పుడు చెప్పే అంకెలు కాగితం దగ్గర పెట్టుకుని రాసుకోండి, నెమ్మదిగా చెబుతాను. బండి రాత్రంతా నిలబడ్డాక, పొద్దున్నే, స్టార్ట్ చేయకముందు, మంచి బ్యాటరీ 12.6 వోల్టులు చూపించాలి. 12.4 అంటే ముప్పావు వంతు ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12 కి దిగిందంటే పావు వంతు. మనం 12 వోల్టుల బ్యాటరీ అంటాం కానీ, మీటరు మీద సరిగ్గా 12 కనిపిస్తే అది ఆకలితో ఉన్న బ్యాటరీ. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఇంకొకరిని మీటరు చూడమనండి. ఒక్క క్షణం పడిపోతుంది, పడాలి కూడా. 9.6 కంటే కిందికి పోతే మాత్రం బ్యాటరీని అనుమానించొచ్చు, అది నిండుగా ఉండి కూడా అలా పడిపోతేనే. ఖాళీ బ్యాటరీకి ఈ పరీక్ష పెట్టి పోయిందనడం అన్యాయం. ముందు ఛార్జరు మీద నింపి, ఆ తర్వాత చూడాలి.

ఇంజన్ తిరుగుతోంది, ఏమీ వేయలేదు. ఇప్పుడు అదే చోట 13.8 నుంచి 14.5 మధ్య కనిపించాలి. మన వైపు తాండూరు ఎండల్లో, బానెట్ కింద కాలిపోతున్నప్పుడు రెగ్యులేటరు కావాలనే కొంచెం తగ్గిస్తుంది, చలికాలం పొద్దున కొంచెం పెంచుతుంది. అందుకే ఒక్క అంకె చెప్పకుండా ఇంత నుంచి ఇంత అంటున్నాను. 15 దాటితే రెగ్యులేటరు చెడింది. బ్యాటరీలో నీళ్లు ఉడికిపోతాయి, గంధకం వాసన వస్తుంది, బల్బులు ఊరికే మాడిపోతాయి. 12.6 దగ్గరే నిలబడిపోతే, లేదా చూస్తుండగానే కిందికి జారితే ఛార్జింగ్ ఎక్కడం లేదు.

చాలా షెడ్లలో పరీక్ష ఇక్కడితో ఆపేస్తారు. "14 చూపిస్తుంది సార్, ఛార్జింగ్ ఓకే." అసలు పరీక్ష ఇక్కడే మొదలవుతుంది. అనంతగిరి కొండ మీద వాన చేసే పనంతా మీరు ఇంటి ముందు నిలబెట్టి చేయాలి. హెడ్‌లైట్లు హైబీమ్‌లో వేయండి, బ్లోయర్ నాలుగో నంబరు మీద పెట్టండి, వెనకద్దం హీటరు ఉంటే నొక్కండి, అద్దం మీద నీళ్లు చల్లి వైపర్లు వేయండి. ఐడ్లింగ్‌లో 13 దగ్గరికి దిగినా కంగారు పడొద్దు. ఒకరు యాక్సిలరేటర్ మీద కాలుపెట్టి ఇంజన్‌ను 1500, 2000 చుట్ల మధ్య పట్టుకోవాలి. అప్పుడు 13.5 పైకి ఎక్కి అక్కడ నిలబడాలి. నిలబడకపోతే కొండ మీద మీకు జరగబోయేది మీటరు ముందే చెప్పేసినట్టు.

అలా నిలబడనప్పుడు వెంటనే ఆల్టర్నేటర్ విప్పకండి. ఇందాక దాచిపెట్టిన సంగతి ఇప్పుడు చెబుతాను.

తాండూరులో నాపరాళ్లు కోసి పాలిష్ పట్టే యూనిట్ల వైపు ఓ షెడ్డులో ఆ మధ్య ఒక కారు చూశాను. బ్యాటరీ మార్చారు, ఆల్టర్నేటర్ కూడా మార్చారు, అయినా రెండు మూడు రోజులకోసారి నెట్టి స్టార్ట్ చేసుకోవలసి వస్తోంది. బానెట్ ఎత్తితే లోపలంతా తెల్లగా, రాతిపిండి. వానలో తడిసి ఆరి, తడిసి ఆరి సున్నం వేసినట్టు గట్టిపడింది. అన్ని లైట్లూ వేయించి ఇంజన్ రేజ్ చేయించాం. ఆల్టర్నేటర్ వెనకవైపు లావుపాటి తీగ బిగించే బోల్టు ఉంటుంది, దాన్ని బి ప్లస్ అంటారు. మీటరు ఎర్ర తీగ దాని మీద, నల్ల తీగ ఆల్టర్నేటర్ ఒంటి మీద పెడితే 14.3. భేష్. అదే సమయంలో బ్యాటరీ మొట్టల మీద చూస్తే 13.1. అంటే పుట్టిన చోటుకీ చేరిన చోటుకీ మధ్య 1.2 వోల్టులు దారిలో ఎక్కడో పోతోంది.

ఎక్కడో పట్టడానికి మీటరును ఇంకోలా వాడాలి. ఒక తీగకే రెండు చివరలా మీటరు పెట్టాలి. బి ప్లస్ మీద ఒకటి, బ్యాటరీ ప్లస్ మీద ఒకటి. చూపించింది 0.15. ఇది మామూలే, 0.2 దాకా, పోనీ 0.3 దాకా ఒప్పుకోవచ్చు. ఇప్పుడు బ్యాటరీ మైనస్ మీద ఒకటి, ఆల్టర్నేటర్ ఒంటి మీద ఒకటి. 1.05! ఇక్కడ 0.2 దాటకూడదు. దొంగ ఎర్తులో ఉన్నాడు. ఇంజన్ నుంచి బాడీకి వచ్చే అల్లిన పట్టీ ఒకటి ఉంటుంది. దాని బోల్టు చుట్టూ తుప్పు, ఆ తుప్పు మీద రాతిపిండి పేరుకుపోయింది. బోల్టు చేత్తో ముట్టుకుంటే వేడిగా ఉంది, పోయిన శక్తి వేడిగా మారుతోంది మరి. ఇంజన్ ఆపి, బ్యాటరీ మైనస్ తీసి, బోల్టు విప్పి, పట్టీ చివర, బాడీ మీది చోటు రెండూ ఎమరీ కాగితంతో ఇత్తడిలా మెరిసేదాకా రుద్ది, మళ్లీ బిగించి, పైన కాస్త గ్రీజు పూశాడు అక్కడి కుర్రవాడు. మళ్లీ చూస్తే ఎర్తులో 0.05. బ్యాటరీ మీద 14.1. ఖర్చు ఒక ఎమరీ ముక్క, చాయ్ డబ్బులు. తీసి పక్కన పెట్టిన పాత ఆల్టర్నేటర్ ఏ జబ్బూ లేనిదే అయ్యుంటుందని నా అనుమానం.

తాండూరు దుమ్ము సంగతి వచ్చింది కనుక మరో ముక్క. ఆల్టర్నేటర్ వేడెక్కకుండా లోపల ఫ్యాను ఉంటుంది, అది బయటి గాలిని లాక్కుంటుంది. గాలితోపాటే రాతిపిండి, సిమెంటు పిండి లోపలికి పోతాయి. కార్బన్లు, అవి రాసుకునే రాగి వలయాలు తొందరగా అరుగుతాయి, బేరింగు గరగరమంటుంది. క్వారీల దగ్గర తిరిగే బండికి, హైదరాబాదు అపార్టుమెంటు సెల్లారులో ఉండే బండికి సర్వీసు లెక్క ఒకటే కాదు. కార్బన్ సెట్టు ధర వందల్లో ఉంటుంది, కొత్త ఆల్టర్నేటర్ వేలల్లో. కార్బన్లు పూర్తిగా అరిగి వలయాలను గీరకముందే మార్పించుకోవడం లాభం.

నాపరాళ్లు మోసే లారీల వాళ్లు కూడా వింటూ ఉంటారు. మీవి 24 వోల్టులు, 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరసగా కలిపినవి. ఇప్పటిదాకా చెప్పిన బ్యాటరీ, ఛార్జింగ్ వోల్టులన్నీ రెట్టింపు చేసుకోండి. పడుకున్న బ్యాటరీలు రెండూ కలిసి 25.2, ఛార్జింగ్‌లో 27.6 నుంచి 29 మధ్య. టేపు రికార్డరుకో, ఫోన్ ఛార్జరుకో 12 వోల్టులు కావాలని ఒక్క బ్యాటరీ నుంచి తీగ లాగుతారు కొందరు. ఆ బ్యాటరీ ఎప్పుడూ అరకడుపుతో, రెండోది ఎప్పుడూ అజీర్ణంతో ఉంటుంది. రెండూ చెడతాయి. విడివిడిగా కొలిచి చూడండి, తేడా మీకే కనిపిస్తుంది.

డయోడు చెడిందేమో తెలుసుకోవాలంటే? మీటరును ఏసీ మీద పెట్టి, ఇంజన్ తిరుగుతుండగా బ్యాటరీ మీద చూస్తే అర వోల్టు కంటే తక్కువే ఉండాలి. బాగున్న బండిలో అందులో పదో వంతు చాలు. చవక మీటర్లలో ఏసీ 200 వోల్టుల నుంచి మొదలవుతుంది కాబట్టి ఇంత చిన్న అంకె వాటికి సరిగ్గా అందదు. ఈ ప్రసంగాన్ని కారులోనే వింటున్నవారికి అంతకన్నా మంచి పరికరం చేతిలోనే ఉంది, మీ రేడియో. స్టేషన్ సరిగ్గా లేని చోట, ముఖ్యంగా మీడియం వేవ్ మీద పెట్టి, బండి పక్కన ఆపి యాక్సిలరేటర్ మెల్లగా నొక్కండి. ఇంజన్ జోరుతోపాటు ఎక్కుతూ, దిగుతూ సన్నగా "కుయ్" అనే ఈల వినిపిస్తే కరెంటులో అలలు మిగిలిపోతున్నాయన్నమాట. డయోడు కావచ్చు, పైన చెప్పుకున్న ఎర్తు కావచ్చు. రాత్రి ఐడ్లింగ్‌లో హెడ్‌లైట్లు గోడ మీద సన్నగా వణుకుతున్నా అదే అనుమానం. చెడిన డయోడుకు ఇంకో దుర్గుణం ఉంది. బండి ఆపేశాక బ్యాటరీ నుంచి కరెంటును వెనక్కి కారుస్తుంది. ఆపి చాలాసేపైన బండిలో, ఇంజన్ అంతా చల్లబడ్డాక ఆల్టర్నేటర్ ఒక్కటే గోరువెచ్చగా తగిలితే దొంగ దొరికినట్టే.

నిలబడ్డ కారు తాగే కరెంటును కూడా కొలవొచ్చు. మామూలుగా 50 మిల్లీ ఆంపియర్లు, అంటే 0.05 ఆంపియరు మించకూడదు. తలుపులు వేసి, తాళం దూరంగా పెట్టి, కంప్యూటర్లన్నీ నిద్రపోవడానికి అరగంట ఆగి చూడాలి. ఎక్కడో అర ఆంపియరు కారుతోందనుకోండి, రోజుకు 12 ఆంపియర్ గంటలు పోతుంది. చిన్న కార్ల బ్యాటరీ 35 ఆంపియర్ గంటలది. మూడు రోజులు ఊరెళ్లి వస్తే ఖాళీ. మీటరును ఇలా మైనస్ తీగకు మధ్యలో కలిపి ఉన్నప్పుడు పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టకండి, మీటరు లోపలి ఫ్యూజు ఎగిరిపోతుంది. ఇది కొంచెం చేయి తిరిగినవాళ్ల పని. అలవాటు లేనివారు ఎలక్ట్రీషియన్‌తో క్లాంప్ మీటరు పెట్టించుకోండి.

ఇప్పుడు నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట. ఇంజన్ తిరుగుతుండగా బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి, "ఆగిపోలేదు చూడండి, డైనమో బాగుంది" అనే పరీక్ష ఇప్పటికీ రోడ్డు పక్క షెడ్లలో నడుస్తోంది. చూసేవాళ్లకు ఇంద్రజాలంలా ఉంటుంది. పాత అంబాసిడర్ కార్లలో నిజంగానే డైనమో ఉండేది. 1960లో అమెరికాలో క్రైస్లర్ వాళ్లు వాలియంట్ కారులో ఆల్టర్నేటర్ పెట్టాక లోకమంతా మెల్లగా అటు మళ్లింది. మన దేశంలో 1961లో మద్రాసు దగ్గర పాడిలో పెట్టిన లూకాస్ టీవీఎస్ లాంటి సంస్థలు కార్ల కరెంటు సామాను తయారుచేస్తూ వచ్చాయి. డైనమో రోజుల్లో బండిలో కంప్యూటరు లేదు, చెడిపోతే ఓ బల్బు చెడేది. ఇప్పుడు అలా కాదు. ఆల్టర్నేటర్ జోరుగా కరెంటు పంపుతుండగా బ్యాటరీని హఠాత్తుగా తప్పిస్తే, ఆ కరెంటు పోయే దారి లేక వోల్టేజి ఒక్కసారిగా ఎగుస్తుంది. దాన్ని అణిచే ఏర్పాటు బండిలో లేకపోతే సెకనులో కొంత భాగం పాటు 80 నుంచి 100 వోల్టుల దాకా పోగలదు. 12 వోల్టుల కోసం చేసిన ఇంజన్ కంప్యూటరు, మీటరు బోర్డు, ఆల్టర్నేటర్‌లోని సొంత డయోడ్లు ఆ దెబ్బ తినాలి. కొన్నిసార్లు ఏమీ కాదు, కనుకనే ఈ అలవాటు బతికింది. అయినప్పుడు కంప్యూటరు ఖర్చుతో పోల్చితే ఆల్టర్నేటర్ ధర చిల్లర. మీ కారు మీద ఎవరైనా ఈ పరీక్ష చేయబోతే, "అన్నా, వద్దు, మీటరు పెట్టి చూడు" అనండి. అందులో మొహమాటం ఏమీ అక్కర్లేదు.

కొత్త కార్లకు ఒక సవరణ ఉంది. ఇంధనం ఆదా చేయడానికి ఈమధ్య చాలా బండ్లలో ఛార్జింగ్‌ను కంప్యూటరే నడుపుతుంది. యాక్సిలరేటర్ వదిలి దిగుడులో పోతున్నప్పుడు ఎక్కువ ఛార్జింగ్, సాఫీగా పోతున్నప్పుడు తక్కువ. 2015లో మారుతి సియాజ్‌తో మన రోడ్ల మీదికి వచ్చిన ఎస్‌హెచ్‌వీఎస్ లాంటి ఏర్పాటులో స్టార్టరు పని, ఆల్టర్నేటర్ పని ఒకే మోటారు చేస్తుంది. అలాంటి బండిలో 12.8 కనిపించిందని చెడిపోయినట్టు కాదు. హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసి చూస్తే చాలా బండ్లలో వోల్టేజి పైకి లేస్తుంది. అయినా ఎటూ తేలకపోతే స్కానరు ఉన్న చోటికి పోవడమే మేలు.

బ్యాటరీని వెనకేసుకొస్తున్నానని అనుకోకండి, దానికీ ఆయుష్షు ఉంటుంది, మన ఎండలు దాన్ని తగ్గిస్తాయి. కార్ల బ్యాటరీల పెద్ద వ్యాపారాల్లో ఒకటి తెలుగువాళ్ల చేతుల మీదుగానే ఎదిగింది. తిరుపతి దగ్గర కరకంబాడిలో గల్లా రామచంద్ర నాయుడుగారు 1985లో అమరరాజా పెట్టారు, 2000లో అమరాన్ పేరుతో కార్ల బ్యాటరీలు తెచ్చారు. నీళ్లు పోయక్కర్లేని బ్యాటరీలు ఇంటింటికీ వచ్చాక మనం మూత తీసి చూడటం మానేశాం. కొన్నిటి పైన చిన్న గాజు కన్ను ఉంటుంది, పచ్చగా కనిపిస్తే బాగున్నట్టని నమ్ముతాం. బ్యాటరీలో ఆరు గదులుంటాయి, ఆ కన్ను చూసేది ఒక్క గదినే. మిగతా అయిదు గదుల సంగతి మీటరు చెప్పాల్సిందే.

ఇంత జాగ్రత్త పడ్డా కొండ మీదే బ్యాటరీ ఎర్ర లైటు వెలిగిందనుకోండి. ముందు ఉష్ణోగ్రత ముల్లు చూడండి. కొన్ని బండ్లలో ఆల్టర్నేటర్‌ను, నీళ్ల పంపును తిప్పేది ఒకటే బెల్టు. అది తెగితే ఇంజన్ నిమిషాల్లో కాగిపోతుంది, ఎక్కడున్నా ఆపేయాలి. ముల్లు మామూలుగానే ఉంటే ఇంజన్ ఆపకండి. ఏసీ, బ్లోయర్, వెనకద్దం హీటరు, పాటలు అన్నీ తీసేయండి. లైట్లు, వైపర్లు మాత్రం తీయొద్దు, ఘాటు రోడ్డులో కనిపించడం, కనబడటం ముఖ్యం. 35 ఆంపియర్ గంటల బ్యాటరీ కాస్త నిండుగా ఉంటే, 20, 25 ఆంపియర్లు లాగుతున్నా, వికారాబాదు దాకా ఉన్న అయిదారు కిలోమీటర్లు దింపుతుంది. అక్కడ షెడ్డు చూసుకోండి. ఆ స్థితిలో హైదరాబాదు పోదామని మాత్రం మొండికేయకండి, చేవెళ్ల దాటకుండానే చీకట్లో నిలబడతారు.

బండి ఆగిపోయి, పక్క కారు బ్యాటరీతో స్టార్ట్ చేసుకోవాల్సి వస్తే వరస తప్పకండి. ఎర్ర తీగ ముందు పోయిన బ్యాటరీ ప్లస్‌కు, తర్వాత మంచి బ్యాటరీ ప్లస్‌కు. నల్ల తీగ మంచి బ్యాటరీ మైనస్‌కు, చివరి కొస మన కారు ఇంజన్ మీది ఏదైనా ఇనుప భాగానికి, బ్యాటరీకి దూరంగా. చివరి కలయిక దగ్గర నిప్పురవ్వ లేస్తుంది, బ్యాటరీ చుట్టూ హైడ్రోజన్ ఉండొచ్చు, అందుకే ఈ దూరం. గేర్లు మనం మార్చే బండ్లను నెట్టి కూడా స్టార్ట్ చేయొచ్చు, ఆటోమేటిక్ బండ్లకు ఆ దారి లేదు. బ్యాటరీలో బొత్తిగా ఏమీ మిగలకపోతే నెట్టినా లాభం లేదు. పెట్రోలు పంపు తిరగడానికి, రోటరు అయస్కాంతం కావడానికి కొంచెమైనా కరెంటు కావాలి. ఇంటికి చేరాక రాత్రి ఛార్జరు మీద పెట్టించండి. ఖాళీ బ్యాటరీని పూర్తిగా నింపే పని ఆల్టర్నేటర్ మీద వేస్తే అది కాగిపోతుంది, బ్యాటరీ కూడా నిండదు.

రిపేరు అయ్యాక షెడ్డులో ఒక పని చేయించుకోండి. ఏమీ వేయకుండా ఎంత, అన్ని లైట్లూ బ్లోయర్ వేసి 2000 చుట్ల దగ్గర ఎంత, ఎర్తులో ఎంత పడింది, ఈ మూడు అంకెలూ మీ ముందే కొలిచి బిల్లు వెనక రాయమనండి, తేదీ వేసి. వచ్చే ఏడాది తొలకరికి ముందు అవే మూడు మళ్లీ కొలిపించి, ఆ బిల్లు పక్కన పెట్టి చూసుకోవచ్చు. బండి అమ్మేటప్పుడు కొనేవాడికి చూపించినా పనికొస్తుంది.